బోర్లించిన కంచం

నాగరత్నానికి ఇరవై నాలుగేళ్లుగా ఒక సందేహం. దేవుడికి ఉప్పు తక్కువైతే తెలుస్తుందా?

కాపరానికి వచ్చిన రోజు నుంచీ చూస్తోంది, ఆ ఇంట్లో వండినదేదీ దేవుడికి చూపించకుండా ఎవరూ ముట్టరు. నైవేద్యానికి ముందు రుచి చూస్తే అది ఎంగిలే. అందుకని అందరాడవాళ్లలా గరిటె అంచున అంటిన పులుసు చుక్కని అరచేతిలో వేసుకుని నాలిక్కి తాకించుకునే వీలు ఆమెకి లేదు. ఉప్పు చేతి అంచనాతో వేస్తుంది. ఉడుకు చూసి, వాసన చూసి, సరిపోయిందనుకుంటుంది. వెండి గిన్నెల్లో అన్నీ కొంచెం కొంచెం సర్ది, తులసి దళం వేసి, దేవుడి ముందు పెట్టి కళ్లు మూసుకుంటుంది. ఆ రెండు నిమిషాల్లో రోజూ అదే అనుమానం. స్వామీ, ముందు తిన్నది నువ్వే కదా, పులుసులో ఉప్పు సరిపోయిందా? నువ్వెప్పుడూ ఏమీ అనవు. నీ తర్వాత తినేవాళ్లే అంటారు. ఇలా అడగడం తప్పేమోనని వెంటనే లెంపలు వేసుకుంటుంది. కానీ మర్నాడు కళ్లు మూసుకోగానే మళ్లీ అదే అడుగుతుంది.

దేవుడి తర్వాత భర్త గున్నేశ్వరరావు. తుని మార్కెట్లో ఆయనకి చింతపండు కొట్టుంది. ఒంటిగంటన్నరకి ఇంటికొచ్చి, తిని, అరగంట నడుం వాల్చి వెళ్లిపోతాడు. ఆయన తర్వాత, కాకినాడ హాస్టల్ నుంచి వచ్చిన రోజైతే కొడుకు భానుతేజ. వాడి తర్వాత అత్తగారు శ్యామలాంబ. ఆవిడకి నోట్లో ఒక్క పన్ను లేదు, కాబట్టి ఆవిడ అన్నం వేరే కుక్కర్లో మెత్తగా ఉడకాలి, కూర చిదమాలి. ఇవన్నీ అయ్యేసరికి మూడవుతుంది. అప్పుడు నాగరత్నం వంటింట్లో స్టవ్ పక్కన స్టూలు మీద కూర్చుని, ఫోన్లో చిన్నగా ప్రవచనం పెట్టుకుని తింటుంది. ఆమె అన్నం తింటూండగా ఆ ఇంట్లో ఎవరూ చూసి ఎరగరు. తిందా అని అడగాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. ఇంత వండేది తినకుండా ఉంటుందా?

కుడి దవడ చివర్న నొప్పి మొదలై అయిదేళ్లయింది. నెలకో రెండు నెలలకో వచ్చేది, లవంగం నొక్కిపెడితే, ఉప్పునీళ్లు పోస్తే పోయేది. ఈ కార్తీకమాసంలో మాత్రం నాగులచవితి నాడు పుట్టలో పాలు పోసొచ్చి, ప్రసాదం నోట్లో వేసుకుందామంటే నోరు రెండు వేళ్ల మేర కూడా తెరుచుకోలేదు. చిమ్మిలి ఉండ చేతిలోనే ఉండిపోయింది. బుగ్గ ఉబ్బింది. గున్నేశ్వరరావు చూసి, "బుగ్గలో వక్క పెట్టుకున్నావా ఏంటి?" అన్నాడు. పన్ను నొప్పండీ అంటే, "కుర్రాడి చేత బిళ్లలు పంపిస్తాలే" అని బండెక్కాడు.

బస్టాండు దగ్గర కొత్తగా పెట్టిన పళ్లాసుపత్రికి ఆమె ఒక్కతే వెళ్లింది. డాక్టరు శ్రీదివ్యకి ముప్ఫై ఏళ్లుండవు. ఎక్స్‌రే తీసి తెరమీద చూపించింది. మిగతా పళ్లన్నీ నిలబడి ఉంటే ఆ ఒక్కటీ అడ్డంగా పడుకుని పక్కదాని వేళ్లని నెడుతోంది.

"జ్ఞానదంతమండి. ఇరవై ఏళ్లప్పుడే తీయించుకోవాల్సింది. ఇన్నాళ్లు ఎలా ఓర్చుకున్నారు?"

ఓర్చుకోవడం ఒక పనని, దాన్ని ఎలా చేశావని ఎవరైనా అడుగుతారని నాగరత్నానికి తెలియదు.

వాపు తగ్గడానికి మూడు రోజులు మందులు వాడి, శనివారం పన్ను తీయించుకోవాలి. ఇంట్లో చెప్తే గున్నేశ్వరరావు నవ్వాడు. "నలభై ఆరేళ్లకి జ్ఞానం వచ్చిందనుకుంటే అదీ పీకించేసుకుంటావా?" తన మాటకి తనే మురిసిపోయి, కొట్లో గుమస్తాకి కూడా ఫోన్లో చెప్పాడు. తోడు రమ్మని ఆమె అడగలేదు. ఆయన వస్తాననలేదు. "ఆటోలో వెళ్లి ఆటోలో వచ్చెయ్. శనివారం బేరాలెక్కువ."

రెండేళ్ల క్రితం భానుతేజకి ఇదే పన్ను తీయించినప్పుడు రాజమండ్రి తీసుకెళ్లారు. కొట్టుకి తాళం పెట్టారు. గుమ్మంలో దిష్టి తీశారు. మూడు రోజులు ఇంట్లో టీవీ సౌండు పెంచితే ఒట్టు. ఐస్‌క్రీం డబ్బాలు ఫ్రిజ్‌లో పట్టక పక్కింట్లో దాచారు. శ్యామలాంబ మనవడి మంచం పక్కనే కూర్చుని లలితా సహస్రం చదివింది. నాగరత్నం గంటకోసారి జావ కాచి, చల్లార్చి, చెంచాతో పట్టింది. వాడికి చెయ్యకూడదని కాదు, వాడు నా బిడ్డే. కానీ ఒకే పన్ను, ఒకే దవడ, ఒకే నెత్తురు. నొప్పి మనిషిని బట్టి మారుతుందా? దేవుణ్ణి అడగడానికి ఇది రెండో ప్రశ్న అయింది.

శనివారం ఆసుపత్రిలో నర్సు కృపారాణి కాగితం రాస్తూ, "మీతో ఎవరొచ్చారు ఆంటీ?" అంది.

"ఎవరూ రాలేదమ్మా. ఇల్లు దగ్గరే."

కృపారాణి తలెత్తి చూసి, మళ్లీ వంచుకుని రాసుకుంది. సూది గుచ్చేటప్పుడు మాత్రం ఎడంచేత్తో నాగరత్నం చెయ్యి పట్టుకుంది. కాసేపటికి దవడ సగం తనది కాకుండా పోయింది. లోపల ఏదో విరుగుతున్న చప్పుడు, మరమ్మతు జరుగుతున్న పక్కింటి గోడ చప్పుడులా వినబడింది. ముప్పావు గంట పట్టింది. తనని పడుకోబెట్టి ఇద్దరు మనుషులు తన కోసమే ముప్పావు గంట పనిచెయ్యడం ఆమెకి కాన్పు తర్వాత మళ్లీ ఇదే. నొప్పి తెలియలేదు గానీ కంటి చివర్ల నుంచి నీళ్లు చెవుల్లోకి కారాయి. కృపారాణి దూదితో తుడిచింది.

"ముఖ్యంగా రేపు ఈ టైము దాకా ఉమ్మకూడదు, పుక్కిలించకూడదు," అంది శ్రీదివ్య. "ఆ గుంటలో మీ నెత్తురే గడ్డ కడుతుంది. ఆ గడ్డే మందు. అది ఊడి వచ్చేస్తే ఎముక బయటపడుతుంది, నరకం చూస్తారు." కాగితం మీద కూడా రాసి, కింద రెండు గీతలు గీసింది.

ఇంటికొచ్చేసరికి దీపాల వేళయింది. నోట్లో గాజుగుడ్డ, నాలిక మీద నెత్తురు రుచి. వీధి గదిలో పడక్కుర్చీలో ఉన్న శ్యామలాంబ ఆమెని ఎగాదిగా చూసింది.

"నోట్లో నెత్తురు పెట్టుకుని కార్తీకదీపం ఎలా ముట్టిస్తావే అమ్మాయ్? పెరట్లోకి వెళ్లి శుభ్రంగా పుక్కిలించి, స్నానం చేసి రా."

నాగరత్నం సంచీలోంచి కాగితం తీసి చూపించింది. "నాకా అక్షరాలు ఆనవే," అంది ఆవిడ. గుడ్డ అడ్డు, మాట రాదు. నిజం చెప్పాలంటే, మాట వచ్చినా చెప్పేదా? ఆవిడ అనకపోయినా నాగరత్నం అదే పని చేసేదేమో. నెత్తుటి నోటితో స్వామి ముందు నిలబడాలంటే ఆమెకే ఒళ్లు ముడుచుకుపోతోంది. పంపు దగ్గర గుడ్డ తీసి పారేసి, చెంబు తర్వాత చెంబు, నీళ్లు తెల్లగా వచ్చేదాకా పుక్కిలించి ఉమ్మింది. తలస్నానం చేసి, తడిజుట్టుతో దీపం పెట్టి, దణ్ణం పెట్టుకుంది. ఆ వేళ స్వామిని ఏమీ అడగలేదు. తప్పు చేసినదానిలా తలొంచుకుంది, దేవుడి పట్ల చేసిందో డాక్టరు పట్ల చేసిందో తెలియకుండానే.

ఆదివారం పాలు తాగింది. సోమవారం కార్తీక సోమవారం, నక్షత్రం చూసేదాకా ఎలాగూ ఉపవాసమే. నక్షత్రం చూశాక అందరికీ వడ్డించి, తను మళ్లీ పాలే తాగింది. ఆ పాలు మింగుతూంటేనే గుంటలోంచి చెవిలోకి ఒక పోటు దూసుకెళ్లింది. మంగళవారం ఏకాదశి. ఆ ఇంట్లో ఉపవాసాలు ఉండేది ఆమె ఒక్కతే, పుణ్యం మాత్రం నలుగురికీ. మంగళవారం పొద్దుటికి పోటు చెవి నుంచి కణతకి, కణత నుంచి మెడకి పాకింది. నోట్లో ఏదో కుళ్లిన రుచి. అలాగే గున్నేశ్వరరావుకి గుత్తివంకాయ చేసింది, అత్తగారికి చామదుంపలు చిదిమింది. ఎవరితోనూ మాట్లాడలేదు. మాట్లాడలేదని కూడా ఎవరికీ తెలియలేదు. గున్నేశ్వరరావు మాత్రం కంచం ముందు కూర్చుని, "ఈ నాలుగు రోజులుగా ఇల్లెంత ప్రశాంతంగా ఉందో! అప్పుడప్పుడూ ఓ పన్ను పీకిస్తూ ఉండాలి," అన్నాడు. భానుతేజ ఫోన్లో, "తీయించేసుకున్నావా అమ్మా? సూపర్. ఐస్‌క్రీం తిను," అని మెసేజి పెట్టాడు. నొప్పిగా ఉందిరా అని టైపు చేసి, చెరిపేసి, చేతులు జోడించిన బొమ్మ పంపింది.

ఒక్కతే ఉండడం అంటే ఇంట్లో మనుషులు లేకపోవడం అని ఆమె ఇన్నాళ్లూ అనుకుంది. అది కాదని ఆ మంగళవారం తెలిసింది. గోడకి తల ఆన్చి పప్పు మెదుపుతూ, నేనిప్పుడు ఇక్కడ కూలిపోతే, ముందు ఎవరికి తెలుస్తుంది అని ఆలోచించింది. కుక్కర్ విజిల్స్ లెక్క తప్పినప్పుడు తెలుస్తుంది.

బుధవారం పొద్దున్న పెరట్లో అంట్లు తోముతోంది. శ్యామలాంబ రోజూలాగే నుయ్యి గట్టు పక్కన పీట వేసుకుని ఎండ కాగుతోంది. కడిగిన గిన్నెలు బోర్లించే చెక్కబల్ల కేసి చాలాసేపు చూసింది.

"ఏవే, నీ కంచం ఏదీ?"

నాగరత్నం తలెత్తింది.

"శనివారం నుంచి చూస్తున్నాను. వాడి కంచం, నా గిన్నె, ఇవే తడుస్తున్నాయి. నీ కంచం ఆ మూల బోర్లించింది బోర్లించినట్టే ఉంది. దాని మీద దుమ్ము కూడా పడింది."

"ఉపవాసాలు కదండీ అత్తయ్యగారూ."

"ఆదివారం ఏం ఉపవాసమే?"

నాగరత్నం చేతిలో పీచు అలాగే ఆగిపోయింది. నోరు తెరిచి చెప్పబోతే పోటుకి కళ్లు తిరిగి పంపు పట్టుకుంది. శ్యామలాంబ పీట మీంచి లేవడానికి అవస్థ పడుతూ, "ముందా అంట్లు వదిలెయ్. వదిలెయ్ అంటుంటే! ఆటోని పిలు," అంది. కాస్త ఆగి, తనలో తను అనుకుంటున్నట్టు, "ఆకలితో పొయ్యి ముందు నిలబడితే వాసనకి కడుపులో తిప్పుతుంది. నాకు తెలియదా?" అంది.

ఆ చివరి మాట ఆటోలో ఆసుపత్రి దాకా నాగరత్నంతో పాటే వచ్చింది. అక్కడ వరసలో కూర్చున్నాక ఇక దాన్ని పక్కకి నెట్టడం ఆమె వల్ల కాలేదు.

పదకొండేళ్ల క్రితం మాట. శ్యామలాంబ పళ్లు ఒక్కొక్కటే ఊడిపోయి, చివరి రెండూ ఆ ఏడాదే రాలాయి. ఆవిడ కూర్చున్న చోటే చిక్కిపోయింది. అప్పుడు ఒకరోజు వంటింటి గుమ్మంలోకి వచ్చి, ఎన్నడూ లేనంత మెల్లగా అడిగింది. "అబ్బాయితో ఓ మాట చెప్పవే. నాకు పళ్ల సెట్టు కట్టించమని. నేనడిగితే బాగోదు, ముసలాళ్లకి సోకులంటాడు." చెప్తాను అత్తయ్యగారూ అంది నాగరత్నం. చెప్పలేదు. మర్చిపోయి కాదు. అంతకు వారం ముందే సత్యనారాయణ వ్రతం నాడు, నలభైమంది వస్తున్నారన్న కంగారులో ఆమె పులిహోర మెతుకులు నాలుగు నోట్లో వేసుకుని ఉప్పు చూసింది. శ్యామలాంబ కంటపడింది. వచ్చిన పేరంటాళ్లందరి ముందూ ఆవిడ ఆ గంగాళం మొత్తం గోవు ముందు పోయించింది. "ఎంగిలి చేత్తో దేవుడికి పెట్టే ఇల్లు కాదు మాది," అంది. ఆ అవమానం అరగక ముందే ఆవిడ ఈ మాట అడిగింది. చెప్తానని ఊరుకోవడం అంత తియ్యగా ఉంటుందని నాగరత్నానికి అప్పటిదాకా తెలియదు. ఆవిడ రెండుసార్లు కళ్లతో అడిగింది, మూడోసారి అడగడం మానేసింది. అప్పట్నుంచీ నాగరత్నం రోజూ అన్నం మెత్తగా వండుతోంది, కూరలు చిదుముతోంది, అత్తగారిని ఎంత బాగా చూసుకుంటుందో అని ఊళ్లో పేరు తెచ్చుకుంది. ఇన్ని పూజలు, ఇన్ని దీపాలు. ఒక ఆకలి మనిషి అడిగిన ఒక్క మాట అందించకుండా పదకొండేళ్లు.

శ్రీదివ్య దీపం వేసి చూసి ముఖం చిట్లించింది. "గడ్డ మొత్తం పోయింది. పుక్కిలించారా?"

"ఆ."

"చెప్పాను కదండీ! రాసి కూడా ఇచ్చాను. ఎందుకు చేశారు?"

దేవుడి కోసమని చెప్పబోయి నాగరత్నం ఆగింది. అది నిజమేనా? ఆయన అడగలేదు. పులుసులో ఉప్పు అడగని స్వామి నోట్లో నెత్తురు అడుగుతాడా? "మా ఇంట్లో అలవాటమ్మా," అంది. కృపారాణి ఆమె తల కదలకుండా పట్టుకుంటే శ్రీదివ్య గుంట కడిగి, మందు పెట్టిన పట్టీ కూరింది. లవంగ నూనె వాసన ముక్కుకి తగిలింది. అయిదు నిమిషాల్లో పోటు దిగిపోతూ ఉంటే, నాలుగు రోజులుగా బిగబట్టిన భుజాలు తమంతట తామే కిందకి జారాయి. శుక్రవారం పట్టీ మార్చుకోవడానికి రమ్మన్నారు.

ఇంటికొచ్చేసరికి గున్నేశ్వరరావు ఖాళీ బల్ల ముందు కూర్చుని ఉన్నాడు.

"వంటేదీ?"

"చెయ్యలేదండీ."

"ద్వాదశి పూట దేవుడికి నైవేద్యం కూడా పెట్టలేదా?"

"వెళ్తూ పాలు పెట్టి వెళ్లాను. తాగుతాడు." ఆమె ఎదురు కుర్చీలో కూర్చుంది. ఆ కుర్చీలో, ఆయన ఎదురుగా, ఆ వేళప్పుడు ఎప్పుడు కూర్చుందో గుర్తులేదు. "పన్ను తీసిన గుంట పాడైంది. శనివారం నుంచి నేను అన్నం తినలేదు. మీకు తెలుసా?"

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "కార్తీకమాసం కదా, ఉపవాసం అనుకున్నాను."

అందులో అబద్ధం లేదు. అదే ఆమెని ఎక్కువ బాధపెట్టింది. ఆయన చెడ్డవాడు కాదు. భార్య ఆకలిగా ఉంటే భక్తి అనుకునే మనిషి. ఆకలికి ఆ పేరు తగిలించింది తనే కదా, ఇన్నేళ్లూ, అడిగితే చెప్పడానికి బావుంటుందని.

"ఎందుకు పాడైంది?" అన్నాడు.

"తీసిన రోజు పుక్కిలించకూడదట. నేను దీపానికి ముందు పుక్కిలించాను."

వీధి గదిలో శ్యామలాంబ పడక్కుర్చీ కిర్రుమంది.

"శుక్రవారం మళ్లీ వెళ్లాలి," అంది నాగరత్నం. "అత్తయ్యగారిని కూడా తీసుకెళ్తున్నాను. పళ్ల సెట్టు కట్టించాలి."

"అమ్మకా? డెబ్భై ఎనిమిదేళ్లకి పళ్లెందుకే?"

"నమలడానికండీ."

ఆయన నవ్వాలో కోప్పడాలో తేల్చుకోలేకపోయాడు. "శుక్రవారం మరి భోజనం?"

"మార్కెట్లో హోటళ్లున్నాయి కదా. ఆ పూట అక్కడ తినెయ్యండి."

గొంతు పెంచలేదు. ఇరవై నాలుగేళ్లలో ఆయనకి చెప్పిన మాటల్లో, చివర్న 'ఏమంటారు?' అని చేర్చని మాట అదొక్కటే.

ఆ సాయంత్రం తులసికోట దగ్గర ఉసిరి కొమ్మ నాటి, ప్రమిదలు సర్దుతూంటే శ్యామలాంబ కర్ర ఆన్చుకుంటూ వచ్చింది. "నువ్వు జరుగు. దీపాలు నే పెడతాను. ఆ పొగ పడకూడదు నీకు," అంది. పొగకీ పంటికీ సంబంధమేంటో నాగరత్నానికి తెలియలేదు. పక్కకి జరిగి అరుగు మీద కూర్చుంది.

శుక్రవారం శ్యామలాంబ జరీ అంచు చీర కట్టుకుంది. ఆటోలో దారి పొడుగునా సణిగింది. "నాకెందుకే ఇప్పుడు? పోయే ముందు నమిలేదేముంది?" అంటూనే గుంతలు వచ్చినప్పుడల్లా కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మీతో ఎవరొచ్చారు ఆంటీ?" అంది కృపారాణి, నవ్వుతూ.

"మా అత్తగారమ్మా. ముందు ఈవిడ నోరు చూడమను. నాది తర్వాత."

ఆ ఎత్తు కుర్చీలో శ్యామలాంబ చిన్నపిల్లలా కనిపించింది. దీపం ముఖం మీద పడగానే ఆవిడ చీర చెంగుతో నోరు కప్పేసుకుంది. ఎన్నేళ్లుగా నవ్వొచ్చినా అలాగే కప్పుకునేది. నాగరత్నం పక్కన నిలబడి వంగింది.

"పదకొండేళ్ల కిందట మీరు అబ్బాయికి చెప్పమన్నారు అత్తయ్యగారూ. నేను చెప్పలేదు. మర్చిపోయి కాదు. కావాలనే చెప్పలేదు."

శ్రీదివ్య అద్దం చేత్తో పట్టుకుని ఆగింది. శ్యామలాంబ పై దీపం కేసి చూసింది.

"తెలుసులేవే," అంది.

చెంగు తీసేసి, నోరు తెరిచింది.